సంచి పోయినా పైత్యం పోలేదు!

వరసగా మూడు సినిమాలకి క్లైమాక్సు చూడకుండానే సమీక్ష రాశాను!

తప్పే. ఒప్పుకుంటున్నాను. సినిమాలు చూసి రాయడమే బతుకుతెరువు అయినవాడు, చివరి ఇరవై నిమిషాలూ హాల్లో లేకుండా, బయటికొస్తున్న కుర్రాళ్ళని ఆపి "బ్రదర్, ఆఖర్న ఏమైంది?" అని అడిగి రాశాడంటే ఏ ఎడిటరూ క్షమించడు. కానీ నేను సిగరెట్టు కోసం బయటికి వెళ్ళలేదు. ఫోనొచ్చి వెళ్ళలేదు. విజయవాడ గాంధీనగర్లో ఫస్టు షో. ఇంటర్వెల్లో రెండు సమోసాలు, ఓ పెద్ద డబ్బా పాప్ కార్న్ లాగించాను. తెరమీద హీరో విలన్ బంగళా ముందు జీపు దిగాడు... నా కడుపులో ఇంకో జీపు బయల్దేరింది! నలుగురి కాళ్ళు తొక్కుకుంటూ, నలుగురి చేత తిట్టించుకుంటూ పరుగో పరుగు.

అప్పటికి నా గాల్ బ్లాడర్ తీసేసి నాలుగు నెలలైంది.

ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. గుండెనొప్పి అంటే జనం జాలిపడతారు. చెయ్యి విరిగితే కట్టుమీద సంతకాలు పెడతారు. మరి తిన్న పది నిమిషాలకే పరుగెత్తాలంటే? నవ్వుతారు! అందుకని మిత్రులు సినిమాకి పిలిస్తే "పనుంది గురూ" అనడం మొదలుపెట్టాను. పెళ్ళి భోజనాలకి వెళ్ళడం మానేశాను. బస్సెక్కే రోజు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవాణ్ణి కాదు. ముప్ఫై నాలుగేళ్ళకే ఇంట్లో కూచున్న ముసలాయన్నయిపోయాను.

ఇంతకీ యిదంతా సినిమా పత్రికలో ఎందుకంటారా? ఎందుకంటే కథ మొదలైందే సినిమా పిచ్చితో!

రాళ్ళు పడ్డ వైనం

రెండేళ్ళ కిందట ఓ షూటింగు కబుర్లు రాయడానికి వెళ్ళాను. హీరోగారి కండలు చూశాను. ఇంటికొచ్చి అద్దంలో నన్ను చూసుకున్నాను. అంతే! మర్నాటి నుంచి పొద్దున టిఫిన్ బంద్. మధ్యాహ్నం రెండు కీరదోసకాయలు. రాత్రి ఓ గ్లాసుడు నీళ్ళమజ్జిగ. మూడు నెలల్లో ఇరవై రెండు కిలోలు తగ్గాను. అందరూ "భలే వున్నావ్" అన్నారు. లోపల ఏం జరుగుతోందో ఎవరు చూడొచ్చారు?

జరుగుతున్నది యిది. మన కాలేయం రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. కాలేయం కింద అతుక్కుని చిన్న వంకాయంత సంచీ ఒకటి వుంటుంది. అదే పిత్తాశయం, గాల్ బ్లాడర్. పట్టేది ముప్ఫై నుంచి యాభై మిల్లీలీటర్లే. అయితే నీళ్ళు పీల్చేసి, రసాన్ని చిక్కబరిచి దాచుకుంటుంది. మనం నెయ్యో నూనో తగిలిన ముద్ద మింగగానే చిన్నపేగు ఒక హార్మోను వదిలి కబురు పెడుతుంది. సంచీ బిగుసుకుని, దాచిన రసాన్ని ఒక్కసారిగా పేగులోకి వదులుతుంది. పైత్యరసం సబ్బులాంటిది. ఆవకాయ తిన్న చెయ్యి ఉత్తినీళ్ళకి వదలదు, సబ్బు కావాలి కదా! కడుపులో కొవ్వు సంగతీ అంతే.

మరి కడుపు మాడ్చుకుంటే? కబురు రాదు. సంచీ కదలదు. రసం నిలవుండిపోతుంది. మరోవైపు ఒళ్ళు గబగబా కరిగిపోతుంటే కొవ్వులోంచి బయటపడ్డ కొలెస్ట్రాల్ని కాలేయం అదే రసంలోకి తోస్తుంది. నిలవనీళ్ళలో మడ్డి పేరుకున్నట్టు, కొలెస్ట్రాల్ గడ్డకట్టి రాళ్ళవుతాయి. వారానికి కిలోన్నరకి పైగా తగ్గేవాళ్ళకి యీ ప్రమాదం ఎక్కువ. నాకు పడ్డవి ఏడు. ఒక రాత్రి కుడి డొక్కలో మొదలైన నొప్పి వీపులోంచి భుజం దాకా పాకింది. నాలుగో రోజుకి ఆపరేషను టేబుల్ మీదున్నాను.

ఆపరేషను గొప్పగా జరిగింది. పొట్టమీద నాలుగు చిన్న గాట్లు. మర్నాడు ఇంటికి పంపేశారు. ఫైలు చేతికిచ్చారు. సంచీ లేని కడుపు ఎలా నడుస్తుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు... నేనూ అడగలేదు.

రెడ్డిగూడెంలో ఆవకాయ

మే నెల. పెద్దమ్మ దగ్గర్నుంచి ఫోను. "ఒరేయ్ అబ్బాయ్, కొత్తావకాయ తిరగేశాను. రాకపోయావో, వచ్చే యేడు నీకు జాడీ లేదు."

మా పెద్దమ్మది రెడ్డిగూడెం. మైలవరం దాటి కొంతదూరం పోయాక రోడ్డుకి రెండు పక్కలా మామిడితోటలే. నూజివీడు రసాలని లోకం గొప్పగా చెప్పుకునే ఆ మామిడి సీమలోదే యీ వూరూను. 2022 ఏప్రిల్లో జిల్లాల్ని విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది, రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలో పడింది. అంటే మా పెద్దమ్మ ఇప్పుడు సినిమా హీరో పేరున్న జిల్లావాసి! ఆమెకీ సంగతి గర్వంగానే వుంది.

మధ్యాహ్నం విస్తరేసింది. వేడన్నం, ఎర్రటి ఆవకాయ, మీద చెంచాడు నెయ్యి. నేను ముద్ద కలిపి అలా చూస్తూ కూచున్నాను.

"ఏంట్రా, అట్లా చూస్తావేం? కరుస్తుందా అది?"

"పెద్దమ్మా... నాకు గాల్ బ్లాడర్ తీసేశారు. నూనె పడదు."

"అంటే ఏంది?"

"పైత్యం నిలవుండే సంచీ."

పెద్దమ్మ పకపకా నవ్వింది. "సంచీ తీసేశారు సరే. పైత్యం తియ్యలేదుగా! పొద్దస్తమానం ఆ సినిమాలేగా నీకు!"

అందరం నవ్వాం. కానీ ఆమె తెలియకుండానే అసలు శాస్త్రం చెప్పేసింది. పైత్యరసం తయారయ్యేది సంచీలో కాదు, కాలేయంలో. సంచీ పోయినా రసం పోదు. పోయేది ఒక్కటే... టైము! ఒక్కసారిగా, అన్నం వేళకి రావాల్సిన రసం, ఇరవై నాలుగ్గంటలూ బొట్టుబొట్టుగా పేగులోకి కారుతూనే వుంటుంది.

సాయంత్రం తోటలో పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, నా గోడంతా విన్నాడు. బంగినపల్లి చెట్టు కింద నల్లటి డ్రిప్పు పైపు చూపించాడు.

"అర్థమైందిరా. చెరువు తూము పీకేసి నీకు డ్రిప్పు పెట్టారు. తూమెత్తితే ఒకేసారి తడి, దింపితే ఆరుదల. డ్రిప్పుకి ఆరుదల లేదు. ఇదిగో చూడు, చుక్కపడే చోట తుంగ మొలిచింది. రెండడుగులు అవతల లేదు. తడి మారితే మొలిచేదీ మారుద్ది."

నేను ఆ తుంగనే చూస్తూ నిలబడ్డాను. తర్వాత అన్నయ్యే కసిరాడు. "చెట్టుకి తెగులొస్తే ఆకు కోసుకుని ఆఫీసరు దగ్గిరకి పరిగెడతామే! నీ కడుపుకి తెగులొస్తే సిగ్గేందిరా? రేపే డాక్టరు దగ్గిరకి పో."

పోయాను. పేగుల జబ్బులు చూసే డాక్టరుగారొకరు, పేరు వెయ్యొద్దన్నారు, ముప్పావుగంట కూచోబెట్టి చెప్పారు. అన్నయ్య తుంగ కథ చెబితే "అంతకంటే బాగా నేనూ చెప్పలేను" అని నవ్వారు.

38 లక్షల కోట్ల ప్రేక్షకులు

మన సినిమా వెయ్యి కోట్లు వసూలు చేస్తే మనం బాణాసంచా కాలుస్తాం. మరి మీ ఒంట్లో ఎన్ని బాక్టీరియాలున్నాయో తెలుసా? ఓ మోస్తరు మనిషిలో సుమారు 38 లక్షల కోట్లని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అందులో అత్యధిక భాగం పెద్దపేగులోనే కాపురం. అవన్నీ శత్రువులనుకునేరు! మనకి అరగని పీచుని అరగదీసి పేగు గోడలకి ఆహారం చేస్తాయి. కొన్ని విటమిన్లు తయారుచేస్తాయి. చెడ్డ క్రిములకి సీటు లేకుండా హాలు నింపేస్తాయి.

వీటికీ పైత్యరసానికీ పాత స్నేహం, పాత వైరం రెండూ వున్నాయి. పైత్యరసం సబ్బులాంటిదన్నాను కదా, అది కొవ్వునే కాదు, కొన్ని బాక్టీరియాల పైపొరనీ కరిగిస్తుంది. అందుకని దాన్ని తట్టుకోగలిగినవే పేగులో నిలుస్తాయి. తిరిగి బాక్టీరియాలు కూడా ఊరుకోవు. పైత్యరసంలోని ఆమ్లాల్ని పట్టుకుని వాటి రూపు మార్చేస్తాయి. మేకప్ వేసి హీరోని మారువేషంలోకి దించినట్టు! కాలేయం పంపింది కోలిక్ ఆమ్లం. పెద్దపేగులో కొన్ని జాతుల బాక్టీరియాలు దాన్ని డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మారుస్తాయి.

మామూలుగా పైత్య ఆమ్లాల్లో నూటికి తొంభై అయిదు వంతులు చిన్నపేగు చివర్లోనే తిరిగి పీల్చుకోబడి కాలేయానికి చేరతాయి. రోజుకి చాలాసార్లు యీ ప్రదక్షిణం. సంచీ వున్నప్పుడు భోజనానికీ భోజనానికీ మధ్య, రాత్రి నిద్రలో, యీ తిరుగుడుకి కాస్త విరామం. సంచీ తీసేశాక విరామం లేదు. రేయింబవళ్ళు ఆటే! అంచేత ఆమ్లాలు బాక్టీరియాల చేతికి ఎక్కువసార్లు చిక్కుతాయి. మారువేషాలు పెరగొచ్చు. తడి మారింది కనక మొలిచేదీ మారుతుంది. అదే, మా అన్నయ్య తుంగ!

అయితే ఎంత మార్పు? ఏ జాతి పెరుగుతుంది, ఏది తగ్గుతుంది? ఇక్కడే డాక్టరుగారు వేలు చూపించి హెచ్చరించారు. సంచీ వున్నవాళ్ళనీ లేనివాళ్ళనీ పోల్చిన పరిశోధనలు కొన్ని వచ్చాయి. చాలావాటిలో తేడాలు కనిపించాయి. కానీ ఒక పరిశోధనలో పెరిగిందన్న జాతి మరొకదాంట్లో తగ్గింది. కారణాలు లేకపోలేదు. తిండి దేశానికో తీరు. పైగా రాళ్ళున్నవాళ్ళ పేగుల్లో బాక్టీరియా ఆపరేషనుకి ముందే కొంత వేరుగా వుంటోంది. అలాంటప్పుడు తప్పు కత్తిదా, రాళ్ళదా, తిండిదా? తీర్పు ఇంకా రాలేదు. పెద్దపేగు క్యాన్సరు విషయంలోనూ అంతే. కొన్ని అధ్యయనాలు కాస్త ఎక్కువన్నాయి, కొన్ని తేడా లేదన్నాయి. నొప్పిపుట్టించే రాళ్ళు పెట్టుకుని ఆపరేషను మానెయ్యడానికి మాత్రం అదొక కారణం కాదు. రాయి జారి నాళానికి అడ్డంపడితే కామెర్లు, క్లోమం వాపు దాకా పోతుంది. ప్రాణం మీదికి తెస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిది. ఆపరేషను మీ బాక్టీరియాని తుడిచిపెట్టదు. హాలు ఖాళీ అయిపోదు. ప్రేక్షకులు కొంత సీట్లు మారి కూచుంటారు, అంతే.

ఏనుగుకీ లేదు!

సంచీ లేకుండా బతకొచ్చా అన్న అనుమానం యీనాటిది కాదు. 1882 జులైలో బెర్లిన్లో కార్ల్ లాంగెన్‌బుఖ్ అనే సర్జను మొట్టమొదటిసారి మనిషి పిత్తాశయాన్ని కోసి తీశాడు. అంతకుముందు రాళ్ళు తీసి సంచీని ఉంచేవాళ్ళు. రాళ్ళు మళ్ళీ పుట్టేవి. "రాళ్ళున్నాయని కాదు, రాళ్ళు పుట్టిస్తోందని తీసెయ్యాలి" అన్నది ఆయన వాదం. రోగి బతికి ఇంటికెళ్ళాడు.

నూరేళ్ళ తర్వాత 1985లో జర్మనీలోనే ఎరిక్ మూహే చిన్న రంధ్రంలోంచి గొట్టం పెట్టి అదే పని చేశాడు. తోటి డాక్టర్లు మొదట మెచ్చుకోలేదు సరికదా తప్పుపట్టారు. కొత్త దర్శకుడి మొదటి సినిమా గతే! మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ టెహెమ్‌టన్ ఉద్వాడియా యీ పద్ధతికి క్లాప్ కొట్టారు. ఇవాళ మన జిల్లా పట్నాల్లో కూడా చేస్తున్నారు.

ఇంకో తమాషా. గుర్రానికి పిత్తాశయం లేదు. ఎలుకకి లేదు. పావురానికి లేదు. ఏనుక్కీ లేదు! 1977లో 'అడవిరాముడు'లో ఎన్టీఆర్ పక్కన నడిచిన ఏనుగుల్ని చూసి ఈలలేసిన మన పెదనాన్నలకి యీ సంగతి తెలుసో లేదో. పుట్టుకతోనే సంచీ లేకుండా అంత కొండంత జంతువు రోజంతా మేస్తూ బతికేస్తోంది. గమనించారా? రోజంతా కొంచెం కొంచెంగా మేస్తోంది! సంచీ లేనివాడికి పాఠం అందులోనే వుంది.

భీమవరం బిడ్డడి పగ

పేగుల కథలో మన తెలుగువాడు లేడనుకోకండి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు కుర్రతనంలోనే స్ప్రూ అనే పేగుజబ్బుకి ఇద్దరు సోదరుల్ని పోగొట్టుకున్నారు. ఎంత తిన్నా ఒంటబట్టనీయకుండా, విరేచనాలతో మనిషిని పిప్పిచేసే జబ్బది. తనకీ సోకింది, బతికారు. తర్వాత అమెరికా వెళ్ళి లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన నడిపించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. 1948లో అక్కడి నుంచే ఆరియోమైసిన్ వచ్చింది. అది టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్. ఉష్ణదేశాల స్ప్రూకి ఇవాళ వైద్యం ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్! అన్నదమ్ముల్ని తిన్న జబ్బుమీద ఇంతకంటే గొప్ప ప్రతీకారం ఏ సినిమాలోనూ చూడలేదు నేను. ఆ వైద్యంలోనే మనకి కావాల్సిన సంగతొకటుంది. చిన్నపేగులో బాక్టీరియా అదుపు తప్పితే మనిషి తిన్నది ఒంటికి పట్టదు.

అయితే ఆ యాంటీబయాటిక్కే విచ్చలవిడిగా వాడితే మంచి ప్రేక్షకుల్ని కూడా హాల్లోంచి గెంటేస్తుంది. విరేచనాలైనప్పుడల్లా మందులషాపుకెళ్ళి "రెండు బిళ్ళలివ్వు" అనడం నేనూ చేశాను. డాక్టరుగారు చీవాట్లు పెట్టారు.

నా చీటీలో రాసినవి

డాక్టరుగారి లెక్క యిలా వుంది. సంచీ తీశాక కొందరిలో ఎక్కువైన పైత్య ఆమ్లాలు పెద్దపేగులోకి దిగిపోతాయి. అక్కడ నీరు ఊరేట్టు చేస్తాయి, పేగుని తొందరపెడతాయి. నా "జీపు" అదే! చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. కొద్దిమందికి సర్దుకోదు. అలాంటివాళ్ళకి ఆ ఆమ్లాల్ని పేగులోనే పట్టేసుకునే కొలెస్టిరమీన్ అనే పొడి మందు వుంది. డాక్టరు చీటీ మీదే వాడాలి. వేరే మందుల్ని కూడా అది పట్టేసుకుంటుంది కనక వాటికీ దీనికీ మధ్య ఎడం వుండాలి.

తిండి సంగతి... ఒక్కసారిగా నూనె పెట్టించొద్దు, పంచుకుని తిను. రెండు పెద్ద భోజనాలు నాలుగు చిన్నవి చెయ్యి. పీచు మెల్లిగా పెంచు. ఇసబ్‌గోల్ మంచిదే. పెరుగు, మజ్జిగ తాగొచ్చు, ఆహారంగా! పెద్ద పెద్ద ప్రకటనలు చూసి వేలు తగలేసి బాక్టీరియా గొట్టాలు కొనకు. నేను అప్పటికే మూడు డబ్బాలు కొన్నానని చెప్పలేకపోయాను.

జ్వరం, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురురంగు, విరేచనంలో రక్తం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం... ఇందులో ఏ ఒక్కటున్నా ఆగకుండా రమ్మన్నారు.

అక్కినేని చెప్పిన ధైర్యం

ఆసుపత్రి మెట్లు దిగుతుంటే 2013 అక్టోబరు గుర్తొచ్చింది. తొంభయ్యో పడిలో వున్న అక్కినేని నాగేశ్వరరావుగారు పాత్రికేయుల్ని పిలిచి, తనకి పేగు క్యాన్సరని తనంతట తానే చెప్పారు. దాచలేదు. తలొంచుకోలేదు. 2014 జనవరిలో కన్నుమూశారు. చివరి చిత్రం 'మనం' ఆ మే నెలలో తెరకెక్కి మనల్ని ఏడిపించింది. ఆయన జబ్బు వేరు, నాది వేరు. రెండిటికీ పోలికే లేదు. కానీ కోట్లమంది ఆరాధించిన అందగాడు "నా పేగుకి జబ్బు" అని లోకానికి చెప్పగా లేనిది, పేరూ వూరూ లేని నేను నా డాక్టరుకి చెప్పడానికి ఇన్ని నెలలు సిగ్గుపడ్డానా?

అందుకే యిది రాస్తున్నాను. మీలో ఎందరో కండలకోసం కడుపు మాడ్చుకుంటున్నారు. బరువు తగ్గండి, తప్పులేదు. కానీ మెల్లిగా, తింటూ తగ్గండి. తెరమీద మూడు నిమిషాల పాటలో మారిపోయే ఒళ్ళు, తెరవెనక ఏడాది కష్టం. కుడి డొక్కలో నొప్పొస్తే గ్యాసని సోడా తాగి పడుకోకండి. సంచీ తీయించుకున్నవాళ్ళకి కడుపు తిరగబడుతుంటే నోరు విప్పండి.

చీటీ ప్రకారం నడిచిన ఆరో వారానికి మళ్ళీ రెడ్డిగూడెం వెళ్ళాను. రసాల కాలం అయిపోవచ్చింది. పెద్దమ్మ విస్తరేసి, జాడీలోంచి గోరంత ఆవకాయ, అరచెంచా నెయ్యి వేసింది.

"ఇంతేనా పెద్దమ్మా?"

"ఇయ్యాళ ఇంతే. ఒంటికి పడితే రేపు ఇంకాస్త. జాడీ ఎక్కడికీ పోదు."

పడింది!

మొన్న ఆదివారం గాంధీనగర్లో మళ్ళీ ఫస్టు షోకి వెళ్ళాను. అలవాటుకొద్దీ చివరి కుర్చీ అడిగి తీసుకున్నాను. ఇంటర్వెల్లో సమోసా ఒక్కటే. హీరో విలన్ బంగళా ముందు జీపు దిగాడు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను... ఏమీ కాలేదు. శుభం కార్డు పడేదాకా కూచుని, లైట్లు వెలిగాక లేచాను.

క్లైమాక్సు బాగోలేదు. కానీ నా కళ్ళతో చూశాను, సమీక్షలో అదే రాశాను!